నొక్కే ముందు చదవండి

(చదువు నేర్చుకున్న అక్కచెల్లెళ్ళ సమావేశంలో చదవటానికి రాసిన ప్రసంగం. పొన్నూరు, గుంటూరు జిల్లా)

అమ్మలారా! అక్కలారా! చెల్లెళ్ళారా!



ఈ పుస్తకం చేత పట్టుకున్న ప్రతి అక్కా ఒకప్పుడు అక్షరం చూస్తే బెదిరిన మనిషే. బస్టాండులో నిలబడి "బాబూ, ఇది తెనాలి బస్సేనా?" అని పక్కవాళ్ళను అడిగిన మనిషే. ఇప్పుడు ఆ బాధ తీరింది. బోర్డు తనే చదువుకుంటోంది. బస్సు తనే ఎక్కుతోంది.

అయినా చాలామంది అక్కల మనసులో ఒక చిన్నతనం మిగిలి ఉంది. "పిల్లలు గబగబా చదివేస్తారు. మాకేమో ఒక్కో అక్షరం కూడబలుక్కోవాల్సి వచ్చిద్ది" అంటారు.

ఈ రోజు చెప్పుకునే సంగతి ఆ చిన్నతనాన్ని పోగొట్టే సంగతి. నిదానంగా చదవటం తప్పు కాదు. ఈ రోజుల్లో అదే పెద్ద కాపలా. ఎందుకంటే కొత్తరకం దొంగలు వచ్చారు. వాళ్ళు గోడ దూకరు. తాళం పగలగొట్టరు. కంప్యూటరులో నుంచి వస్తారు. ఫోనులో నుంచి వస్తారు. చదవకుండా నొక్కేవాళ్ళ కోసం కాచుకుని కూర్చుంటారు. చదివి, ఆలోచించి నొక్కేవాళ్ళ దగ్గర వాళ్ళ పప్పులు ఉడకవు.

అది ఎట్లాగో చూడండి.

ఒక ఇంట్లో ఒక సాయంత్రం

పొన్నూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఒక అమ్మ. మిరపకాయ కోతలకు ఆటోలో పోయి, పొద్దుగూకేవేళకు ఇల్లు చేరింది. చేతులు ఇంకా మండుతున్నాయి. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చదువు కోసం పాత కంప్యూటరు ఒకటి కొన్నారు. ముందురోజే పొదుపు సంఘం అప్పు యాభై వేలు అమ్మ ఖాతాలో పడింది. ఆ డబ్బుతో గేదెను కొనాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంది. కొత్త సినిమా ఊరికే చూడొచ్చని ఎక్కడో రాసి ఉంటే అక్కడ నొక్కింది. అంతే! తెర ఎర్రబడింది. ఆంబులెన్సు కూత లాంటి మోత మొదలైంది. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు. కింద ఒక ఫోను నంబరు. పిల్ల హడలిపోయింది. ఆ నంబరుకు ఫోను చేసింది.

అవతల ఒక గొంతు. ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"కంగారు పడకు తల్లీ! మేము మైక్రోసాఫ్టు వాళ్ళం. నీ కంప్యూటరుకు వైరస్ సోకింది. ఆపావంటే మొత్తం పోతుంది. నేను చెప్పే చిన్న ప్రోగ్రాము వేసుకో. తెర మీద ఒక నంబరు వస్తుంది. అది నాకు చెప్పు. ఇక్కడి నుంచే బాగుచేస్తాను. రుసుము పది రూపాయలే. మీ అమ్మ బ్యాంకు ఖాతా తెరిచి కట్టు."

పిల్ల చెయ్యి వణుకుతోంది. అమ్మ దగ్గరికొచ్చింది.

"ఉండవే అమ్మాయ్! ఆ తెర మీద ఏం రాసుందో నాకు తెలుగులో చెప్పు. ఒక్కో మాటా చెప్పు."

"టైం లేదమ్మా! ఆయన తొందరగా చెయ్యమంటున్నాడు."

"తొందర ఆయనకి. మనకి కాదు. చెప్పు."

పిల్ల ఒక్కో మాటా చదివి చెప్పింది. మీ కంప్యూటరుకు వైరస్ సోకింది. ఆపవద్దు. వెంటనే ఫోను చెయ్యండి.

అమ్మ అడిగింది. "మైక్రోసాఫ్టు అంటే ఎవరే?"

"ఈ కంప్యూటరు నడిపించే విండోస్ తయారుచేసే కంపెనీ అమ్మా. అమెరికాలో ఉంది."

"మన వీధిలో కరెంటు పోతే పదిసార్లు ఫోను చేస్తేగాని మనిషి రాడు. మన ఇంట్లో కంప్యూటరు చెడిపోయిందని అమెరికా కంపెనీకి ఎట్టా తెలిసింది? మనం పిలవకుండానే తన నంబరు పంపిందా? బాగుచేసేవాడికి నా బ్యాంకు ఖాతాతో పనేంది? ఫోను పెట్టెయ్!"

పిల్ల ఫోను పెట్టేసింది. కంప్యూటరు మీటను కాసేపు అదిమి పట్టుకుంది. తెర ఆరిపోయింది. మోత ఆగిపోయింది. కొంతసేపటికి మళ్ళీ వేసింది. పాత పేజీ తెరవమంటావా అని అడిగితే వద్దంది. కంప్యూటరు మామూలుగానే ఉంది. కాపలా ప్రోగ్రాముతో ఒకసారి వెతికించి చూసింది. ఏ వైరసూ లేదు!

ఆ ఎర్ర తెర ఉత్త బొమ్మ. ఆ మోత ఉత్త మోత. అసలు దొంగ ఫోనులో ఉన్నాడు. పిల్ల ఆ ప్రోగ్రాము వేసి, నంబరు చెప్పి ఉంటే ఏమయ్యేది? వాడు ఎక్కడో కూర్చుని ఈ ఇంటి కంప్యూటరు తెర చూసేవాడు. బాణం గుర్తును తనే కదిపేవాడు. అమ్మ ఖాతా తెరవగానే గేదె డబ్బు వాడి పాలయ్యేది.

ఆ అమ్మకు ఇంగ్లీషు రాదు. కంప్యూటరు రాదు. ఆమె చేసింది ఒక్కటే. ఏం రాసుందో నిదానంగా చదివించుకుంది. ప్రశ్న అడిగింది. గేదె డబ్బు నిలిచింది.

వైరస్ అంటే ఏమిటి?

మినుము వేసే అక్కలందరికీ పల్లాకు తెగులు తెలుసు. వరి కోసిన మాగాణిలో మినుము చల్లుతారు. పైరు పచ్చగా లేస్తుంది. ఒకరోజు ఒక మొక్క ఆకు మీద పసుపు మచ్చలు కనిపిస్తాయి. కొద్దిరోజుల్లో చుట్టుపక్కల మొక్కలు పసుపు తిరుగుతాయి. అది వైరస్ వల్ల వచ్చే తెగులు. ఆ వైరస్ తనంతట తాను నడవలేదు. తెల్లదోమ దాన్ని ఒక మొక్క నుంచి ఇంకొక మొక్కకు మోసుకుపోతుంది.

కంప్యూటరు వైరస్ కూడా అట్లాంటిదే. అయితే అది జీవి కాదు. మనిషి రాసిన ప్రోగ్రాము. చెడ్డ బుద్ధితో రాసిన ప్రోగ్రాము. ఒక కంప్యూటరులో చేరి తనలాంటి వాటిని పుట్టిస్తుంది. తరువాత పక్క కంప్యూటరుకు పోతుంది.

దానికీ ఒక తెల్లదోమ కావాలి. 1986లో పాకిస్తాన్‌లోని లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు "బ్రెయిన్" అనే వైరస్ రాశారు. అప్పుడు దాన్ని మోసింది ఫ్లాపీ బిళ్ళ. ఇప్పుడు మోసేవి పెన్‌డ్రైవు, తెలియని ఈమెయిలు, ఊరికే వచ్చే సినిమా, వాట్సాప్‌లో వచ్చే ఫైలు.

తెల్లదోమను అదుపులో పెడితే పైరు నిలుస్తుంది. వైరస్‌ను మోసుకొచ్చేవాటిని గుమ్మం దగ్గరే ఆపితే కంప్యూటరు నిలుస్తుంది.

పోలీసుల కంప్యూటర్లకే సోకిన వైరస్

"మా ఇంట్లో ఏముందని వచ్చిద్ది?" అని కొందరంటారు. వైరస్ ఇల్లు చూసి రాదు. సందు చూసి వస్తుంది.

2017 మే 12న "వాన్నా క్రై" అనే వైరస్ ప్రపంచం మీద పడింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. అది కంప్యూటరులోని కాగితాలకు, ఫొటోలకు తాళం వేసేది. తాళం తియ్యాలంటే 300 డాలర్లు ఇమ్మని అడిగేది. అంటే అప్పటి లెక్కలో సుమారు 19 వేల రూపాయలు.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాలు అందులో ఉన్నాయి. దొంగలను పట్టేవాళ్ళ ఇంటికే దొంగ వచ్చాడన్న మాట!

ఇందులో తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ వైరస్ దూరిన సందును పూడ్చటానికి మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, 2017 మార్చిలో, ఒక మరమ్మతు పంపింది. దాన్ని అప్‌డేట్ అంటారు. అది వేసుకున్న కంప్యూటర్లలోకి వైరస్ ఆ సందు గుండా పోలేకపోయింది. చాలాచోట్ల దాన్ని వేసుకోలేదు. "అప్‌డేట్ వచ్చింది" అని తెర చెబుతూనే ఉంటుంది. "తరువాత చూద్దాంలే" అని నొక్కేస్తారు. వానాకాలం ముందు ఇంటికప్పు సరిచేసుకోకపోతే ఏమవుతుంది? మొదటి వానకే ఇల్లు కురుస్తుంది. ఇదీ అంతే.

ఇంటి కంప్యూటరుకు అయిదు కట్టుబాట్లు

ఒకటి. అప్‌డేట్ వస్తే వాయిదా వెయ్యకూడదు. అదే రోజు వేసుకోవాలి. విండోస్ 10 అనే రకానికి మామూలుగా ఇచ్చే ఉచిత మరమ్మతులను మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. పాత కంప్యూటరు కొన్నవాళ్ళు అందులో ఏ విండోస్ ఉందో అడిగి తెలుసుకోవాలి.

రెండు. కాపలా ప్రోగ్రామును ఆపకూడదు. ఇప్పటి విండోస్‌లో అది కంప్యూటరుతోపాటే వస్తుంది. దానికి వేరే డబ్బు కట్టనక్కరలేదు. భారత ప్రభుత్వం కూడా 2017 ఫిబ్రవరిలో "సైబర్ స్వచ్ఛతా కేంద్రం" పెట్టింది. వైరస్‌లను వెతికి తీసేసే పనిముట్లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి.

మూడు. ఊరికే వచ్చిందని ఏదిపడితే అది వేసుకోకూడదు. దొంగ సినిమా, దొంగ ప్రోగ్రాము, ఎవరిదో తెలియని పెన్‌డ్రైవు, ఇవన్నీ తెల్లదోమలే. ఫొటోల దుకాణంలో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవును కూడా ముందు కాపలా ప్రోగ్రాముతో చూపించాలి. తరువాతే తెరవాలి.

నాలుగు. ముఖ్యమైన వాటిని రెండు చోట్ల దాచాలి. విత్తనాలు ఉన్నవన్నీ ఒకే బస్తాలో పోసి పెట్టరు గదా! ఒక బస్తాకు పురుగు పడితే ఇంకొకటి ఉంటుంది. పిల్లల మార్కుల కాగితాలు, పొలం కాగితాలు, పెళ్ళి ఫొటోలు వేరే డిస్కులో ఎక్కించాలి. ఎక్కించాక ఆ డిస్కును కంప్యూటరు నుంచి తీసేసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

అయిదు. పాస్‌వర్డు అంటే తాళంచెవి. అన్ని తలుపులకూ ఒకే తాళంచెవి పెట్టకూడదు. పిల్ల పేరు, పుట్టిన తేదీ పాస్‌వర్డుగా పెట్టకూడదు. అవి ఊరందరికీ తెలుసు. బ్యాంకు పని అయిపోగానే ఖాతా మూసి బయటికి రావాలి.

ఫోను కూడా కంప్యూటరే

"మా ఇంట్లో కంప్యూటరు లేదు" అని కొందరు అక్కలు అంటారు. చేతిలో ఉన్న పెద్ద ఫోను కూడా కంప్యూటరే. పైగా బ్యాంకు పుస్తకం కూడా అందులోనే ఉంది. యూపీఐ 2016లో వచ్చింది. అప్పటి నుంచి కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో డబ్బు కడుతున్నారు. మంచిదే. అయితే నాలుగు సంగతులు తెలిసి ఉండాలి.

మొదటిది. డబ్బు రావటానికి పిన్ను అక్కరలేదు. పొయ్యేటప్పుడే పిన్ను కావాలి. "నీకు అయిదువేలు పంపిస్తున్నాను. పిన్ను కొట్టి తీసుకో" అని ఎవరన్నా అంటే వాడు దొంగ. ఆగి తెర చదవండి. "చెల్లించు" అని ఉంటుంది. చెల్లించటమంటే ఇవ్వటం, తీసుకోవటం కాదు. గళ్ళగళ్ళ బొమ్మను ఫోనుతో చూపించి పిన్ను కొట్టటం కూడా డబ్బు ఇవ్వటానికే.

రెండవది. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి. ఆ కబురులోనే "ఎవరికీ చెప్పవద్దు" అని రాసి ఉంటుంది. బ్యాంకు మేనేజరు అడిగినా చెప్పకూడదు. నిజమైన మేనేజరు అడగడు.

మూడవది. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ వస్తుంది. "పీఎం కిసాన్ డబ్బులు" అని వస్తుంది. "మీ బండికి జరిమానా పడింది" అని వస్తుంది. ఆ ఫైలు పేరు చివరిదాకా చదవండి. చివర చుక్క పెట్టి ఏ, పి, కె అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే నొక్కవద్దు. అక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు! అది ఫోనులోకి దూరే ప్రోగ్రాము. నొక్కి, అడిగినవన్నీ ఒప్పుకుంటే మీకు వచ్చే ఓటీపీలను దొంగ చదువుకుంటాడు. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా సరే, వాళ్ళకు ఫోను చేసి అడగండి. వాళ్ళ ఫోను కూడా అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

నాలుగవది. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు నాకియ్యి. నెలకు రెండువేలు ఇస్తా" అని అడిగేవాళ్ళు ఉన్నారు. సిమ్ము తీసి ఇమ్మనేవాళ్ళు ఉన్నారు. ఇవ్వకూడదు. వేరేవాళ్ళ దగ్గర దోచిన డబ్బు ఆ ఖాతాలో వేస్తారు. పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఇంటికే.

ఆశపెట్టేవాళ్ళు, భయపెట్టేవాళ్ళు

ఈ దొంగలు వంద వేషాలు వేస్తారు. కానీ వాళ్ళ చేతిలో ఆయుధాలు రెండే. ఒకటి ఆశ. రెండవది భయం. రెండింటికీ తోడు తొందర.

"లాటరీ తగిలింది." "ఇంట్లో కూర్చుని రోజుకు మూడువేలు సంపాదించండి." "కాగితాలు లేకుండా నిమిషంలో అప్పు." ఇవి ఆశ మాటలు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు పెద్దలు. అడగకుండానే ముక్కూ మొహం తెలియనివాడు లక్షలు ఎందుకిస్తాడు? నిమిషంలో అప్పిచ్చే ఆప్‌లు కొన్ని ఫోనులోని నంబర్లన్నీ, ఫొటోలన్నీ లాక్కున్నాయి. అప్పు కట్టటం ఆలస్యమైతే చుట్టాలందరికీ ఫోను చేసి పరువు తీశాయి. అంతకన్నా పొదుపు సంఘం అప్పు వెయ్యిరెట్లు నయం.

ఇక భయం. "మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు." "మీ ఆధార్ మీద దొంగ సిమ్ము ఉంది." "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. ఫోను ముందు నుంచి కదలొద్దు. ఎవరికీ చెప్పొద్దు." వీడియోలో చూస్తే పోలీసు బట్టలు వేసుకున్న మనిషి. వెనక గోడ మీద గాంధీగారి ఫొటో. ఎంత చదువుకున్నవాళ్ళయినా బెదిరిపోతున్నారు.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చెయ్యడు. కేసు కొట్టేస్తానని ఫోనులో డబ్బు వేయించుకోడు. 2024 అక్టోబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ రేడియోలో "మన్ కీ బాత్"లో ఈ మోసం గురించే చెప్పారు. ఆగండి, ఆలోచించండి, తరువాత చెయ్యాల్సింది చెయ్యండి అన్నారు.

"ఎవరికీ చెప్పొద్దు" అని వాడు అన్నప్పుడే తెలుసుకోవాలి. మంచి పనికి అంత దాపరికం ఎందుకు? ఫోను పెట్టెయ్యండి. పక్కింటి వదినకు చెప్పండి. కొడుకు పేరు చెప్పి బెదిరిస్తే ఆ కొడుకుకే ఫోను చెయ్యండి.

మళ్ళీ వేలిముద్ర

అక్కలారా! వేలిముద్ర వేసిన చేతులే సంతకం నేర్చుకున్నాయి. ఎంత కష్టపడి నేర్చుకున్నాయో మీకే తెలుసు. కానీ ఈ రోజుల్లో వేలిముద్రకు మళ్ళీ పని వచ్చింది. ఆధార్ నంబరు చెప్పి, చిన్న మిషను మీద వేలు పెడితే ఖాతాలో డబ్బు వస్తుంది. బ్యాంకుకు పోనక్కరలేదు. ముసలివాళ్ళకు అది ఎంతో సుఖం.

అయితే అక్కడా చదవాలి. వేలు పెట్టే ముందు తెర మీద ఎంత రాసుందో చూడండి. అయిదువందలా, అయిదువేలా? సున్నాలు లెక్కపెట్టండి. "పడలేదు, మళ్ళీ పెట్టు" అంటే రసీదు అడగండి. రసీదు మీద మిగిలిన సొమ్ము ఎంతో చదవండి. వేలు మీది. ఖాతా మీది. అడిగే హక్కు మీది.

వేలిముద్రకు తాళం వేసే సౌకర్యం ఆధార్ సంస్థ ఇచ్చింది. ఆ సంస్థ ఆప్‌లో పిల్లలు చేసి పెట్టగలరు. వివరాలకు 1947 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. తాళం వేశాక పింఛనుకో, రేషనుకో వేలు పెట్టే ముందు మళ్ళీ తెరవాలి. ఆ సంగతి మరిచిపోకూడదు.

మోసపోతే ఏం చెయ్యాలి?

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి మోసపోతారు. 2024లో సైబరు నేరాల వల్ల దేశం మొత్తం మీద ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు చెప్పింది. అందులో డాక్టర్లు ఉన్నారు. ఇంజనీర్లు ఉన్నారు. పెద్ద ఉద్యోగులు ఉన్నారు. కాబట్టి మోసపోవటం చదువు లేకపోవటం వల్ల వచ్చిన సిగ్గు కాదు.

డబ్బు పోయిందని తెలియగానే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఇది సైబరు మోసాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. ఏ బ్యాంకు, ఎంత పోయింది, ఏ టైముకు పోయింది, లావాదేవీ నంబరు ఎంత, ఇవి చెప్పాలి. దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు పరుగెత్తిస్తుంటాడు. ఎంత తొందరగా చెబితే అంత దగ్గర్లో దాన్ని ఆపవచ్చు. రేపు చూద్దాం అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

తొందర పడకూడదని ఇంతసేపు చెప్పుకున్నాం. తొందర పడాల్సింది ఈ ఒక్కచోటే.

తరువాత బ్యాంకుకు చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది. ఖాతాదారు తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా వేరేవాళ్ళ వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురు అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ళ మీద నష్టం పడకూడదని అందులో ఉంది. బ్యాంకు పంపే కబుర్లు చదువుతూ ఉండాలనటం అందుకే.

ఇంకొక ముఖ్యమైన పని. దొంగ పంపిన కబుర్లు కోపంతో చెరిపెయ్యకూడదు. వాడి నంబరు, వాడు పంపిన ఫొటోలు, డబ్బు పోయిందన్న కబురు, అన్నీ ఉంచాలి. అవే సాక్ష్యం.

పొన్నూరు వాళ్ళకు సాక్ష్యం విలువ వేరే చెప్పాలా? ఊళ్ళో ఉన్నది సాక్షి భావనారాయణస్వామి గుడి. కాశీలో ఒక పెద్దాయన ఒక మాట ఇచ్చాడట. ఊరికొచ్చాక ఇవ్వలేదన్నాడట. అప్పుడు స్వామే వచ్చి సాక్ష్యం చెప్పాడని పెద్దలు చెబుతారు. స్వామి వచ్చినా సరే సాక్ష్యమే కావాల్సి వచ్చింది! ఫోనులో మిగిలిన కబురే ఈ రోజు ఆ సాక్షి.

దాచిపెట్టవద్దు

చివరిగా ఒక మాట. ఇది అన్నిటికన్నా పెద్ద మాట.

డబ్బు పోగొట్టుకున్న ఆడమనిషి చాలాసార్లు ఇంట్లో చెప్పదు. "మొగుడు తిడతాడు. అత్త దెప్పుతుంది. చదువు నేర్చి నువ్వు చేసింది ఇదా అంటారు" అని లోపల్లోపలే కుమిలిపోతుంది. 1930కి ఫోను చేసే టైము ఆ భయంలోనే గడిచిపోతుంది. పోయిన పదివేలు రాబట్టాలని ఇంకో పదివేలు అదే దొంగకు కడుతుంది. దొంగకు కావాల్సింది ఆ మౌనమే.

ఒక పాత సంగతి గుర్తుచేసుకోండి. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకున్నారు. చదువుకున్న పాఠం గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. సారా వల్ల ఎవరింట్లో ఏం జరుగుతోందో దాచకుండా చెప్పుకున్నారు. అందరి ఇంట్లో అదే ఏడుపని తెలిసింది. కలిసి కదిలారు. ఊళ్ళో సారా ఆగింది. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

అదంతా ఒకరికొకరు చెప్పుకోవటంతో మొదలైంది. ఇది కూడా అంతే. ఈ వారం మీ ఫోనుకు వచ్చిన దొంగ కబురును పొదుపు సంఘం సమావేశంలో చదివి వినిపించండి. ఒక అక్కకు వచ్చిన కబురే రేపు ఇంకొక అక్కకు వస్తుంది. ముందే విన్న అక్క మోసపోదు. మోసపోయిన అక్కను నవ్వకండి, దెప్పకండి. పక్కన కూర్చుని 1930కి ఫోను కలపండి.

కోత చేతులతో అక్షరం దిద్దారు. ఆ అక్షరం ఇప్పుడు కష్టార్జితానికి కాపలా కాస్తుంది. కాయవలసిందల్లా ఒక్క నిమిషం. ఆ నిమిషం ఆగండి. కూడబలుక్కోండి. చివరి అక్షరం దాకా చదవండి. అర్థం కాకపోతే నొక్కకండి.

సెలవు.

గుర్తుంచుకోండి

డబ్బు రావటానికి పిన్ను అక్కరలేదు.
ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.
ఏ, పి, కె అక్షరాలున్న ఫైలు నొక్కకూడదు.
పిలవకుండా వచ్చి బాగుచేస్తానన్నవాడికి కంప్యూటరు అప్పగించకూడదు.
అప్‌డేట్ వాయిదా వెయ్యకూడదు.
మోసపోతే వెంటనే 1930.

మాట్లాడుకోండి

1. కథలోని అమ్మ ఏయే ప్రశ్నలు అడిగింది? మీరయితే ఇంకా ఏం అడిగేవారు?
2. పల్లాకు తెగులుకు, కంప్యూటరు వైరస్‌కు పోలిక ఏమిటి?
3. మీ ఫోనుకు వచ్చిన దొంగ కబురు ఒకటి చదివి వినిపించండి. అందులో ఆశ ఉందా? భయం ఉందా? తొందర ఉందా?
4. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, 1930 నంబరు ఒక కాగితం మీద స్వయంగా రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి. ఆ కాగితం మీద పిన్ను మాత్రం రాయకండి.